గుర్రపు దళాల తుపాకుల వెంట ఆరు రోజులు

ఇంటికి చేరి మూడు రోజులైంది. దుప్పటిలో చుట్టి కారు వెనుక సీటులో పడుకోబెట్టి తెచ్చిన స్మిత్ కార్బైను అనే పాత పొట్టి తుపాకీ ఇప్పుడు నా బల్ల మీద ఉంది. చూసినవీ విన్నవీ మరుగున పడకముందే రాసి పెట్టుకోవాలని కూర్చున్నాను.

నేను న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉంటాను. చిన్నప్పుడు మా నాన్న హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియంలో ఆయుధాల గది చూపించిన నాటి నుంచి పాత తుపాకుల మీద మనసు పోయింది. ఇక్కడికి వచ్చాక ఆ ఇష్టం 1860ల నాటి అమెరికా అంతర్యుద్ధంలో అశ్వదళాలు వాడిన కార్బైన్ల దగ్గర నిలిచింది. గుర్రం మీద కూర్చున్న సైనికుడు ఒక చేత్తో కళ్లెం పట్టుకుని, మరో చేత్తో గొట్టం మూతిలో మందు పోసి, గుండు వేసి, పొడవాటి గజంతో దట్టించడం ఎంత కష్టమో ఊహించవచ్చు. తుపాకీని మూతి కిందికి ఉండేలా భుజానికి తగిలించుకుంటే లోపలి గుండు జారి పడిపోవడమూ ఉండేది. అందుకే గొట్టం వెనుక భాగం తెరుచుకుని తూటా అక్కడే పెట్టే పొట్టి తుపాకులు పుట్టాయి. అయితే వెనుక తలుపు పెట్టగానే, ఆ తలుపు సందులోంచి నిప్పూ పొగా సైనికుడి ముఖం మీదికే తన్నుకొచ్చేవి. ఆ సందును ఎవరు ఎలా మూశారన్న ప్రశ్న చుట్టూనే నేను సేకరిస్తాను. ఇప్పటిదాకా నా దగ్గర ఉన్నవి నాలుగు: ఒక షార్ప్స్, ఒక బర్న్‌సైడ్, ఒక మేనార్డ్, ఒక గాలగర్. ఈ ప్రయాణం వాటిలో కొన్ని పుట్టిన ఊళ్ల మీదుగా సాగింది.

అక్టోబరు 2, స్ప్రింగ్‌ఫీల్డ్, మసాచుసెట్స్

ఊరి నడుమ గుట్ట మీద ఎర్ర ఇటుకల ఆయుధాగారం ఉంది. 1794 నుంచి 1968 దాకా అమెరికా సైన్యానికి ఇక్కడ తుపాకులు తయారయ్యాయి. ఇప్పుడది ప్రభుత్వ సంగ్రహాలయం, ప్రవేశానికి రుసుము లేదు. లోపల వందలాది తుపాకులను నిలువుగా పేర్చిన పెద్ద చట్రం ముందు అందరూ ఫోటోలు తీసుకుంటున్నారు. నేను మాత్రం ట్రాప్‌డోర్ కార్బైన్ల అద్దాల పెట్టె ముందు గంటసేపు నిలబడ్డాను.

అంతర్యుద్ధం ముగిశాక సైన్యం దగ్గర మూతి నుంచి కూరే తుపాకులు లక్షల్లో మిగిలిపోయాయి. వాటిని పారేయకుండా, గొట్టం వెనుక పైభాగాన్ని కోసి, అక్కడ మడత కీలుతో తలుపులా పైకి తెరుచుకునే ఒక మూత (ట్రాప్‌డోర్ అంటే అదే) బిగించే పద్ధతిని ఇక్కడి ప్రధాన తయారీదారు ఎర్‌స్కిన్ ఆలిన్ 1865లో రూపొందించాడు. ఆ వరుసలో వచ్చిన 1873 నమూనా కార్బైన్లే 1876 జూన్ 25న లిటిల్ బిగ్‌హార్న్ పోరాటంలో అమెరికా ఆదివాసులతో తలపడిన కస్టర్ అశ్వదళం చేతుల్లో ఉన్నాయి. వాటి తూటా గొట్టాలు రాగివి. కాల్చగానే వ్యాకోచించి సందును చక్కగా మూసేవి గానీ, తుపాకీ వేడెక్కితే కొన్ని లోపలే ఇరుక్కుపోయేవి, అప్పుడు కత్తి మొనతో పెకలించవలసి వచ్చేది.

అక్కడి ఉద్యోగి ఒకాయన నా ఆసక్తి గమనించి తానే దగ్గరికి వచ్చారు. సేకరించేవారిలో ఈ కార్బైనుకు గిరాకీ ఎక్కువ కాబట్టి, పొడవాటి రైఫిళ్లను కోసి కార్బైన్లుగా అమ్మేవాళ్లు ఉన్నారని చెప్పారు. అసలు కార్బైను గొట్టం 22 అంగుళాలు ఉంటుంది. రైఫిల్‌ను కోసినప్పుడు ముందువైపు గురి పలకను మళ్లీ అతికించవలసి వస్తుంది, చెక్కలో గజం కోసం తొలిచిన కాలువను పూడ్చవలసి వస్తుంది. ఆ పూడిక గీత వేలి గోటికి తెలుస్తుందట. ఆయన తన గోటిని గాలిలోనే గీసి చూపించిన తీరు నాకు బాగా నచ్చింది.

మధ్యాహ్నం ఇంటి నుంచి తెచ్చుకున్న పులిహోర కారులోనే తిని, పక్కనే ఉన్న చికొపీ ఫాల్స్‌కు వెళ్లాను. మసాచుసెట్స్ ఆర్మ్స్ కంపెనీ ఈ ఊళ్లోనే మేనార్డ్ కార్బైన్లనూ, స్మిత్ కార్బైన్లలో చాలా భాగాన్నీ తయారు చేసింది. ఎడ్వర్డ్ మేనార్డ్ వృత్తిరీత్యా పళ్ల వైద్యుడు. అడుగున వెడల్పు అంచూ, ఆ అంచు మధ్యలో సన్నని రంధ్రమూ ఉన్న ఇత్తడి తూటా ఆయన ఆలోచన. కాల్చిన తూటాను మళ్లీ మందు నింపి వాడుకోవచ్చు. నా మేనార్డు పుట్టిన ఊరి నది ఒడ్డున కాసేపు నడవాలనిపించింది, నడిచాను. ఈ ఊళ్లో పోలండ్ నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబాలు ఎక్కువ. ఒక చిన్న హోటల్లో బంగాళాదుంప కూరి వేయించిన పిరోగీలు తిన్నాను, చూడడానికి అచ్చం మన కజ్జికాయలే. ఆరింటికి 11 డాలర్లు. నాకు మాంసం వద్దని తెలుసుకుని, వడ్డించే పెద్దావిడ వేరే పెనంలో వేయించి తెచ్చింది.

అక్టోబరు 3, విండ్సర్, వెర్మాంట్

శరన్నవరాత్రులు మొదలైన రోజు. పొద్దున్నే ఇంటికి ఫోన్ చేస్తే, మాతో ఉండటానికి వచ్చిన అమ్మ కలశం పెట్టడం పూర్తయిందని చెప్పింది. దారి పొడవునా మేపుల్ చెట్లు పసుపూ కుంకుమ కలిపి చల్లినట్టు ఉన్నాయి.

విండ్సర్‌లో 1846 నాటి మూడంతస్తుల ఇటుక కట్టడంలో పనిముట్ల సంగ్రహాలయం నడుస్తోంది. ఒకప్పుడు అది రాబిన్స్ అండ్ లారెన్స్ వారి తుపాకుల కార్ఖానా. ఏ తుపాకీ భాగమైనా మరో తుపాకీకి అతికేలా యంత్రాలతో చేయడం వారి ప్రత్యేకత. 1851 లండన్ ప్రదర్శనలో వారి రైఫిళ్లను చూసి ముచ్చటపడిన బ్రిటిష్ ప్రభుత్వం, ఎన్‌ఫీల్డ్ కార్ఖానాకు ఇక్కడి యంత్రాలనే తెప్పించుకుంది. షార్ప్స్ కార్బైన్లు తొలినాళ్లలో తయారైందీ ఇక్కడే. తుపాకులు సేకరించేవారిలో చాలామంది యంత్రాల ముఖం చూడరు. నా దృష్టిలో అది లోటు. లోహం మీద మిగిలిన సన్నని గీతలు ఏ యంత్రపు పళ్లవో తెలిస్తే, తర్వాత ఎవరైనా ఆకురాయితో రుద్దిన చోటు వెంటనే పట్టుబడుతుంది. అక్కడ స్వచ్ఛందంగా పనిచేసే ఒక రిటైర్డ్ మెకానిక్ నాకు లోహాన్ని చెక్కే మర యంత్రాన్ని నడిపి చూపించి, అది ఉక్కు ముక్క మీద వదిలిన చారలను తడిమి చూడమన్నారు. కళ్లు మూసుకుని తడిమాను. ఇంటికి రాగానే నా షార్ప్స్ లోపలి దిమ్మ మీద అలాంటి చారల కోసమే వెతికాను. ఉన్నాయి.

బయటికి వచ్చాక ఫోన్‌లో సిగ్నల్ పోయి, దారి తప్పి నదికి అవతలి న్యూహాంప్‌షైర్‌లోకి వెళ్లిపోయాను. ఆ తప్పు వల్లనే 1866లో కట్టిన, పైకప్పు ఉన్న పొడవాటి చెక్క వంతెన మీదుగా వెళ్లే అవకాశం దొరికింది. దాని నుదుటి మీద, గుర్రాలను నడిపించుకుంటూ వెళ్లాలనీ లేకపోతే రెండు డాలర్ల జరిమానా అనీ రాసి ఉంది. దౌడు తీసే గుర్రాల అదురుకు చెక్క వంతెన దెబ్బతింటుందన్న భయంతో పెట్టిన నిబంధన అది. అవతలి ఒడ్డున ఒక దుకాణంలో ఆపిల్ రసంతో చేసిన వేడి డోనట్లు అరడజను కొన్నాను. దారి అడిగితే ఆ అమ్మాయి కాగితం తీసి బొమ్మ గీసి ఇచ్చింది.

అక్టోబరు 4, హార్ట్‌ఫర్డ్, కనెక్టికట్

షార్ప్స్ కంపెనీ అసలు కార్ఖానా ఈ ఊళ్లో ఉండేది. విండ్సర్ నుంచి రిచర్డ్ లారెన్స్ వచ్చి దాన్ని నడిపాడు. తర్వాత ఆ కార్ఖానాలోనే కుట్టుమిషన్లూ, ఆ వెనుక సైకిళ్లూ తయారయ్యాయి. ఇప్పుడు చూడడానికి పెద్దగా ఏమీ మిగల్లేదు. రాష్ట్ర చరిత్ర సంగ్రహాలయంలో కోల్ట్ తుపాకులు చూసి వచ్చేశాను.

రాత్రి మకాం ఇక్కడి స్నేహితుడి ఇంట్లో. అతను నాకన్నా పెద్దవాడు, అన్నయ్యా అని పిలుస్తాను. వదిన గుత్తివంకాయ కూరా, పప్పుచారూ వండింది. భోజనాల దగ్గర వాళ్ల అబ్బాయి షార్ప్స్ ఎలా పనిచేస్తుందని అడిగాడు. అగ్గిపెట్టెతో చూపించాను. కింది మీటను ముందుకు తోస్తే ఉక్కు దిమ్మ అగ్గిపెట్టె అరలా కిందికి జారుతుంది, గొట్టం వెనుక నోరు తెరుచుకుంటుంది. నార గుడ్డతో చేసిన తూటాను లోపలికి తోసి మీట మూస్తే, దిమ్మ పదునైన అంచు తూటా వెనుక కొనను కత్తిరిస్తుంది, మందు బయటపడి నిప్పు అందుకోవడానికి సిద్ధమవుతుంది. సందు మూయడానికి దిమ్మలో ఒక లోహపు ఉంగరం పెట్టారు. పేలుడు ఒత్తిడికి ఆ ఉంగరం ముందుకు కదిలి గొట్టానికి అతుక్కుంటుంది. పూర్తిగా మూసుకోదు, కాస్త పొగ వస్తూనే ఉంటుంది. అయినా ప్రభుత్వం యుద్ధకాలంలో సుమారు 80,000 షార్ప్స్ కార్బైన్లు కొన్నదంటే వాటి మీద సైనికులకు ఎంత నమ్మకమో తెలుస్తుంది.

అక్టోబరు 5, గెటిస్‌బర్గ్, పెన్సిల్వేనియా

1863 జులై 1 ఉదయం ఈ ఊరికి పడమట, ఉత్తరాది (యూనియన్) సైన్యానికి చెందిన జనరల్ బుఫర్డ్ అశ్వదళం గుర్రాలు దిగి నేల మీద నిలబడి, తమకన్నా ఎక్కువ సంఖ్యలో వస్తున్న దక్షిణాది (కాన్ఫెడరేట్) పదాతిదళాన్ని తమ సైన్యం వచ్చేదాకా ఆపింది. ఆ రోజు మొదటి గుండు పేల్చింది ఇలినాయ్ 8వ అశ్వదళానికి చెందిన లెఫ్టినెంట్ మార్సెలస్ జోన్స్ అని చెబుతారు. పక్కనున్న సార్జెంటు చేతిలోని కార్బైను అడిగి తీసుకుని ఆయన కాల్చాడు. తర్వాత 1886లో ఆయనా, ఆయన సహచరులూ అక్కడ ఒక చిన్న రాతి స్తంభం పాతారు.

ఆ స్తంభం కోసం చేంబర్స్‌బర్గ్ దారిలో రెండుసార్లు అటూ ఇటూ తిరిగాను. పెద్ద పెద్ద స్మారకాలు చూసి అలవాటైన కంటికి, రోడ్డు పక్కన ఇంటి ముందున్న ఆ సన్నని రాయి ఆనలేదు. మూడోసారి ఒక తోట దారిలోకి పోయి ఇరుక్కున్నాను. ఆపిల్ బుట్టలు సర్దుతున్న రైతు ట్రాక్టర్ దిగి వచ్చి, కారును వెనక్కి తిప్పించి మరీ, ముందుకు నడిచి వేలెత్తి చూపించాడు. నేను అప్పటికి రెండుసార్లు దాని పక్క నుంచే వెళ్లాను. ఆయన దగ్గర ఒక చిన్న బుట్ట ఆపిల్‌లు 9 డాలర్లకు కొన్నాను. ఊరికే దారి అడిగి వెళ్లిపోవడం మర్యాద కాదనిపించింది.

రాయి దగ్గర నాతోపాటు మరో కుటుంబం ఉంది. ఆ తండ్రి పిల్లలకు, బుఫర్డ్ సైనికులు ఏడు గుండ్ల స్పెన్సర్ తుపాకులతో కాల్చారని చెబుతున్నాడు. ఇది చాలా చోట్ల విన్న మాటే, కానీ సరైనది కాదు. ఆయన మాట ముగిశాక, అనుమతి అడిగి, నాకు తెలిసింది చెప్పాను. ఆ ఉదయం బుఫర్డ్ దళాల చేతుల్లో ఉన్నవి ఒక్కో తూటాను వెనుక నుంచి పెట్టి కాల్చే కార్బైన్లు, ముఖ్యంగా షార్ప్స్. స్పెన్సర్లు ఈ యుద్ధంలో ఉన్న మాట నిజమే. జులై 3న ఊరికి తూర్పున జరిగిన గుర్రపు పోరులో మిచిగన్ 5వ అశ్వదళం వాటిని వాడింది. అయితే అవి పొడవాటి రైఫిళ్లు. స్పెన్సర్ కార్బైన్లు సైన్యానికి అందడం మొదలైంది ఆ ఏడాది శరదృతువులోనే. ఆయన శ్రద్ధగా విని, పిల్లలకు మళ్లీ సరిచేసి చెప్పాడు. నాకు ఆ మనిషి మీద గౌరవం కలిగింది.

ఈ విషయం మీద నాకు పట్టుదల ఎందుకంటే, ఏడు గుండ్ల కథ వల్ల అసలు సంగతి మరుగున పడుతోంది. గుర్రాలు దిగిన ప్రతి నలుగురిలో ఒకడు మిగతా ముగ్గురి గుర్రాలనూ పట్టుకుని వెనుక ఉండాలి. అంటే పోరాడే సంఖ్య అక్కడే నాలుగో వంతు తగ్గిపోతుంది. మూతి నుంచి కూరే తుపాకీతో నిమిషానికి మూడు గుండ్లు కాల్చడమే గొప్ప, అదీ లేచి నిలబడి. వెనుక నుంచి కూరే తుపాకీ అయితే కంచె చాటున పడుకునే నింపుకోవచ్చు. ఆ ఉదయం వాళ్లకు కలిసొచ్చింది అదే.

అక్టోబరు 6, పాత ఆయుధాల సంత

పెన్సిల్వేనియాలోని ఒక చిన్న ఊళ్లో, స్వచ్ఛంద అగ్నిమాపక దళం వారి హాలులో సంత. ప్రవేశం 7 డాలర్లు. వెంట తుపాకీ తెచ్చుకున్నవారిని గుమ్మం దగ్గర ఆపి, గొట్టం ఖాళీగా ఉందో లేదో చూసి, ప్లాస్టిక్ పట్టీ బిగించి లోపలికి పంపుతారు. లోపల ఒక మూల ఆ ఊరి ఆడవాళ్లు మొక్కజొన్న సూపులూ ఆపిల్ పైలూ అమ్ముతున్నారు. సూపులో కోడిమాంసం ఉంటుందని ముందే చెప్పి, నాకు జున్ను పెట్టిన రొట్టె చేసి ఇచ్చారు.

ఈ సంతల్లో నడవడికకు కొన్ని కట్టుబాట్లు ఉన్నాయి. అడగకుండా దేన్నీ తాకకూడదు. చేతికి ఇస్తే రెండు చేతులతో అందుకోవాలి, గొట్టం ఎవరివైపూ తిప్పకూడదు, అనుమతి లేకుండా తుపాకీ వెనుక ఉండే సుత్తిని ఎత్తి వదలకూడదు. తీసుకున్న చోటే తీసుకున్నట్టు పెట్టాలి. అమ్మేవాడి ముఖం మీద వస్తువును తీసిపారేసి మాట్లాడకూడదు. లోపం కనబడితే, ఈ మరమేకు ఎప్పుడు మార్చారండీ అని ప్రశ్నలా అడగాలి. బేరం ఒకటి రెండు మాటల్లోనే ముగియాలి.

నేను ఈ కట్టుబాట్లన్నీ డబ్బు పోగొట్టుకునే నేర్చుకున్నాను. మూడేళ్ల కిందట ఒక వ్యాపారి దగ్గర ఫోటోలు చూసి 1,800 డాలర్లకు బర్న్‌సైడ్ కార్బైను కొన్నాను. వచ్చాక చూస్తే చెక్కంతా గరుకు కాగితంతో రుద్ది, నూనె పట్టించి, కొత్తదానిలా మెరిపించారు. ఎడమవైపు ఉండవలసిన తనిఖీ ముద్ర పూర్తిగా చెరిగిపోయింది. సైన్యం తరఫున పరీక్షించిన అధికారి తన పేరులోని తొలి అక్షరాలను కోలగా చెక్కలోకి కొట్టిన ముద్ర అది. అది లేకపోతే ఆ తుపాకీ సైన్యంలో పనిచేసిందన్న సాక్ష్యం పోయినట్టే. ఆ బాధ ఇప్పటికీ ఉంది. అయినా ఆ బర్న్‌సైడ్‌ను అమ్మలేదు, ఎందుకంటే దాని లోపలి ఏర్పాటు నాకెంతో ఇష్టం. ఆంబ్రోస్ బర్న్‌సైడ్ ఇత్తడి తూటాను ఐస్‌క్రీమ్ కోన్ ఆకారంలో చేసి, దాని వెడల్పు భాగాన్నే సందుకు అడ్డంగా ఉబ్బేలా పెట్టాడు. తూటా గొట్టమే తలుపు సందుకు గోడ అవుతుంది.

హాలు చివరి వరుసలో, ఎనభై దాటిన ఒక పెద్దాయన ముందు టేబుల్ మీద పూల దుప్పటి పరిచి మూడు కార్బైన్లు ఉన్నాయి. పక్కన ఆయన భార్య ఊలు అల్లుతోంది. వాటిలో ఒకటి స్మిత్. నేను చాలాకాలంగా వెతుకుతున్నదే. చూడవచ్చా అని అడిగితే, ఆయన దాన్ని ఎత్తి, తెరిచి, ఖాళీ అని చూపించి నా చేతుల్లో పెట్టారు.

ట్రిగ్గర్ ముందు ఒక చిన్న ఇత్తడి మీట ఉంటుంది. దాన్ని వేలితో పైకి నొక్కితే, గొట్టం మీద ఉన్న ఉక్కు పట్టీ వెనుక కొన లేచి పట్టు వదులుతుంది, గొట్టం ముందుకు వంగి నోరు తెరుచుకుంటుంది. పట్టీలో ఇంకా బిగువుంది, మూసినప్పుడు గట్టి చప్పుడు వచ్చింది. ఎడమవైపు ఇనుము మీద బాల్టిమోర్‌కు చెందిన పౌల్ట్నీ అండ్ ట్రింబుల్ వారి చిరునామా, 1857 జూన్ 23 నాటి పేటెంటు తేదీ, చికొపీ ఫాల్స్ తయారీదారు పేరు, అన్నీ చదవగలిగేలా ఉన్నాయి. మరమేకుల తలలు స్క్రూడ్రైవర్ దెబ్బలకు చిరగలేదు. చెక్క మీది తనిఖీ ముద్ర మసకగా ఉంది గానీ, అక్షరాల అంచులు చెక్కలోకి దిగే ఉన్నాయి.

నన్ను నిలబెట్టేసింది మాత్రం ఉంగరం. సైనికుడు ఎడమ భుజం మీదుగా వేసుకున్న వెడల్పు తోలు పట్టీకి ఒక కొక్కెం ఉంటుంది, అది కార్బైను ఎడమవైపు కడ్డీకి ఉన్న ఉంగరానికి తగులుకుంటుంది. గుర్రం నడిచినంతసేపూ ఆ ఉంగరం చెక్కకు కొట్టుకుంటూనే ఉంటుంది. ఈ స్మిత్ చెక్క మీద, ఉంగరం ఊగే చోట, నెలవంకలా ఒక గుంట అరిగి ఉంది. వేలు పెడితే నున్నగా, చుట్టూ ఉన్న చెక్కకన్నా నల్లగా ఉంది. దాన్ని ఎవరూ ఒక రోజులో, ఒక పనిముట్టుతో చేయలేరు.

పెద్దాయన జేబులోంచి పట్టు గుడ్డ తీసి, అందులో ఉన్న ఒక అసలు స్మిత్ తూటాను నా అరచేతిలో పెట్టారు. రబ్బరుతో చేసిన గొట్టం, వెనుక నిప్పు ప్రవేశించడానికి ఒక రంధ్రం. నూట అరవై ఏళ్లకు ఆ రబ్బరు గుగ్గిలం ముక్కలా గట్టిపడిపోయింది. కొత్తగా ఉన్నప్పుడు అది పేలుడు ఒత్తిడికి ఉబ్బి, గొట్టమూ ఇనుపదిమ్మా కలిసే అతుకును లోపలి నుంచి మూసేసేది.

చీటీ మీద 2,400 డాలర్లు. ముందు చెక్క అంచున ఒక పెచ్చు ఊడి ఉంది, నిప్పు పుట్టించే చిన్న క్యాప్ పెట్టే మొన సుత్తి దెబ్బలకు నలిగి ఉంది. ఆ మొన గురించి ప్రశ్నలా అడిగాను. ఆయన నవ్వి, అది అసలుదే సర్, అందుకే మార్చలేదు అన్నారు. 1,900 అన్నాను. ఆయన భార్య వైపు చూశారు. ఆమె అల్లిక ఆపకుండానే, 1,950 అంది. అంతటితో బేరం అయిపోయింది. అంతర్యుద్ధపు శతజయంతి ఏడాది, 1961లో, ఒక పాతసామాన్ల కొట్లో దాన్ని కొన్నానని ఆయన చెప్పారు. కొత్తవాళ్లకు ఒక సంగతి: 1898లో గానీ అంతకుముందు గానీ తయారైన ఇలాంటి పాత తుపాకులను 1968 నాటి సమాఖ్య చట్టం మామూలు తుపాకులతో సమానంగా చూడదు. కానీ రాష్ట్రాల చట్టాలు వేరువేరు, కొనే ముందు తెలుసుకోవాలి. ఇండియాకు పట్టుకెళ్లవచ్చనుకోవడం మాత్రం పొరపాటు. అక్కడి 1959 ఆయుధ చట్టం, బాగుచేసినా పేలని స్థితిలో ఉన్న పురాతన ఆయుధాలకే మినహాయింపు ఇస్తుంది.

అక్టోబరు 7, హార్పర్స్ ఫెర్రీ, వెస్ట్ వర్జీనియా

కారుకు 20 డాలర్లు కట్టి, బస్సులో కిందికి దిగాలి. పొటోమాక్, షెనండోవా నదులు కలిసే చోట కొండల నడుమ ఉన్న చిన్న ఊరు. 1859 అక్టోబరులో జాన్ బ్రౌన్ బానిసత్వం మీద తిరుగుబాటు మొదలుపెట్టిందీ, షార్ప్స్ కార్బైన్లు సమకూర్చుకుని ప్రభుత్వ ఆయుధాగారం మీద దాడి చేసిందీ ఇక్కడే. జనమంతా ఆయన తలదాచుకున్న అగ్నిమాపక ఇంజను గది దగ్గర ఉన్నారు.

నేను షెనండోవా ఒడ్డున పైకి నడిచి, జాన్ హాల్ రైఫిల్ కార్ఖానా ఉండిన చోటికి వెళ్లాను. రాతి పునాదులూ, నీటి కాలువల గోడలూ, వాటి మీద నాచూ తప్ప అక్కడేమీ లేవు, మనుషులు కూడా లేరు. 1811లో వెనుక నుంచి కూరే తుపాకీకి పేటెంటు పొందిన హాల్, 1819 నుంచి ఇక్కడ ఉండి, ఒకదాని భాగాలు మరొకదానికి సరిపోయే తుపాకులు చేసి చూపించాడు. 1833లో కొత్తగా ఏర్పడిన డ్రాగూన్ అశ్వదళానికి ఇచ్చిన కార్బైన్లు ఆయన పద్ధతివే. వాటిని కనెక్టికట్‌లో సీమియన్ నార్త్ తయారు చేశాడు. అమెరికా అశ్వదళం చేతికి వచ్చిన తొలి వెనుక కూర్పు తుపాకులు అవి. గొట్టం వెనుక దిమ్మ పైకి లేస్తుంది, దానిలోనే మందూ గుండూ వేసి కిందికి నొక్కేస్తారు. సందు మూయడానికి ఏ ఏర్పాటూ లేదు, అతుకు ఎంత బిగువుగా చేస్తే అంతే. వాడేకొద్దీ అతుకు అరిగి పొగ పెరిగేది. షార్ప్స్ తుపాకీకి పేరిచ్చిన క్రిస్టియన్ షార్ప్స్ యువకుడిగా పని నేర్చుకుంది ఈ కార్ఖానాలోనే. హాల్ వదిలేసిన సందు మీదే తర్వాతివాళ్లంతా పనిచేశారు. నార గుడ్డతో, ఇత్తడితో, రబ్బరుతో, రాగితో. నా దగ్గర ఉన్న ఐదింటికీ అసలు ప్రశ్న ఈ గోడల మధ్య పుట్టిందే. అరగంటసేపు ఒక రాయి మీద కూర్చున్నాను. మంచి హాల్ కార్బైను దొరికితే కొనాలని ఉంది. సంతలో ఒకటి చూశాను, చెప్పిన ధర 2,800.

ఎడిసన్‌లో

అమ్మ ఆయుధపూజకు స్మిత్‌ను కూడా పెట్టాలంది. పెడదామన్నాను. కుంకుమ బొట్టు మాత్రం ఇనుముకు పెట్టవద్దని బతిమాలాను, తడి కుంకుమ ఆ పాత గోధుమరంగు పొరను తినేస్తుంది. ఆ పొరే దాని వయసు. అమ్మ ఆలోచించి, కింద పరిచే తెల్ల గుడ్డకు నాలుగు మూలలా బొట్లు పెట్టి, మధ్యలో తుపాకీని పడుకోబెడదాం అంది. ఈ మూడు రోజుల్లో నేను చేసింది మెత్తని గుడ్డతో దుమ్ము తుడిచి, సన్నగా మైనం పూయడమే. ఉంగరం గుంటలో ఆ మైనం కూడా పూయలేదు. పుస్తకంలో కొత్త పేజీ తీసి ధర, తేదీ, ముద్రలు, పెచ్చు ఊడిన చోటు, నలిగిన మొన రాశాను. గుంట పొడవు కొలిచి, అదీ రాశాను.